పైల్వాను పెసరకట్టు

కుస్తీలకు వారం ఉందనగా సర్జేరావు కడుపు మొరాయించింది.

కొల్హాపూర్ తాలింఖానా నుంచి జాతర కుస్తీకి వచ్చి, ఆ ఊరి ధర్మశాలలో దిగాడు. పైల్వాను వచ్చాడని ఊరివాళ్లు పూటపూటా మటనే పంపేవారు. పొట్ట బిర్రబిగిసి రాయిలా తయారైంది.

పక్క వసారాలో దిగిన ముసలాయన అది కనిపెట్టాడు.

“ఎన్నాళ్లుగా పైల్వాన్, ఈ మటన్ తిండి?”

“తినకపోతే బలం ఎక్కణ్ణించి వస్తుంది ఆబా?”

“అరిగితే బలం. అరక్కపోతే లోపల నీతోనే కుస్తీ పడుతుంది.”

సర్జేరావు నవ్వబోయాడు. కడుపు నవ్వనివ్వలేదు.

ఆ పూట నుంచి ముసలాయనే పొయ్యి రాజేశాడు. జీలకర్ర వేసి పెసరకట్టు కాచి, జొన్నరొట్టె తుంచి అందులో నానబెట్టి పెట్టేవాడు. పైన పలచటి మజ్జిగ.

“ఇది బాలింతల తిండి ఆబా.”

“బాలింత బిడ్డను కని కూడా లేచి నిలబడుతుంది. ముందు నువ్వు నిలబడు.”

తానే వస్తాదై కుర్రాళ్లకు పట్లు నేర్పుతున్న ఈ రోజుల్లో కూడా, జీలకర్ర వేగిన వాసన తగిలితే చాలు, సర్జేరావు మనసు ఆ వసారాలోకి వెళ్లిపోతుంది. తల్లి పోయాక అంత ఓపిగ్గా అతనికి వండిపెట్టినవాళ్లు లేరు.

“మీరెవరి కుస్తీ కోసం వచ్చారు?” అని ఒకసారి అడిగాడు.

“బాగా పట్టేవాడి కుస్తీ కోసం. మాటలు ఆపి తిను.”

జాతర నాటికి పొట్ట తేలికపడింది. సాంగ్లీ పైల్వాను హిందూరావుతో కుస్తీ పొద్దుగూకేదాకా సాగింది. చివరికి సర్జేరావు అతని వీపును ఎర్రమట్టికి ఆనించాడు. జనం భుజాలకెత్తుకుని ఊరేగించారు.

ఆ సందడిలో ముసలాయన గుర్తు రాలేదు. ధర్మశాలకు వచ్చేసరికి ఆయన లేడు. గిన్నెలో పెసరకట్టు మాత్రం మూతపెట్టి ఉంది.

మరుసటేడు జాతరకు ఆయన కోసం మంచి తలపాగా కొనుక్కుని వెళ్లాడు. ధర్మశాలలో కనబడలేదు. గోదా దగ్గర హిందూరావు ఎదురైతే ఆనవాళ్లు చెప్పి అడిగాడు.

“బక్కపలచని మనిషి. ఎడమ చెవి నలిగిపోయి ఉంటుంది. పోయినేడు నాకు వండిపెట్టాడు. ఎక్కడైనా చూశావా?”

హిందూరావు అతని చేతిలోని తలపాగా వైపు చూశాడు.

“ఈ వానాకాలంలో పోయాడు.”

“నీకు తెలిసినవాడా?”

“నేను ఓడి ఇంటికెళ్లి, ‘వాడికెందుకు వండిపెట్టావు’ అని దెబ్బలాడితే, ‘నొప్పితో మెలికలు తిరిగేవాణ్ణి పడేసి, నా కొడుకు గెలిచాడని ఎలా చెప్పుకోనురా’ అన్నాడు మా నాన్న.”