పాతకులకు మనవి

“అనుభవం అన్న గడి ఖాళీగా వదిలేశారు పిన్నిగారూ,” అంది ఫారాలు తీసుకునే అమ్మాయి.

“ఉండనివ్వమ్మా. చెప్పుకోదగ్గదేం లేదు.”

“పోనీ, ప్రూఫులు దిద్దడం ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకున్నారా?”

“నాలుగు చోట్ల చేరాను.”

“పూర్తి చేశారా?”

“లేదు. అన్నిచోట్లా మొదటిరోజే మానేశాను,” అంది ఆమె, చూపు బల్ల మీదికి దించుకుని.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడింది. అరవై దాటిన మనిషి ఈ పని నేర్చుకుంటానని రావడమే వింత, పైగా నాలుగు చోట్ల నుంచి పారిపోయి రావడం. అయినా ఫారంలో చిరునామా రాసిన తీరు చూసి, “అక్షరాలు మాత్రం ముత్యాలేనండీ,” అని ఓదార్చి, దాన్ని మిగతా ఫారాలతో కలిపి మాస్టారి బల్ల మీద పెట్టింది.

ఈ మూడు రోజుల కోర్సును వెతికిపెట్టింది కోడలు. ఫోనులో ఇలాంటివి వెతకడం ఆ పిల్లకి ఈమధ్య ఒక పనైపోయింది. దొరికిన ప్రతిసారీ అత్తగారు అడిగే ప్రశ్నలు రెండే. ఏ పుస్తకం చెబుతారట? క్లాసులో ఎన్ని కాపీలుంటాయట?

“మీకొక్కటి చాలదా అత్తయ్యా?” అని నవ్వేది కోడలు. “ఇల్లు మారదామని మీ అబ్బాయి మొత్తుకుంటుంటే ముప్ఫై ఏళ్లుగా ఉన్న ఇల్లు వదలనంటారు. కోర్సులు మాత్రం నెలకొకటి మారుస్తారు. అసలు ఇదంతా దేనికి?”

“ఒకసారి నా చేతిలోంచి ఒక తప్పు జారిపోయిందే. అచ్చులో పడిపోయింది.”

“ఎవరైనా తిట్టారా?”

“ఎవరూ చూడలేదు. తిట్టేసుంటే ఆరోజుతో పోయేది.”

బస్సులో పక్కవాళ్లు పేపరు విప్పినా ఆమె కిటికీ వైపు తిరిగిపోయేది. ఎవరో ఎక్కడో ఆ తప్పు దగ్గర ఆగి నవ్వుకుంటూ ఉంటారని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నట్టుండేది.

క్లాసులో పన్నెండు మంది. ఆమె తప్ప అందరూ కుర్రకారే. ఒక్కొక్కరి ముందూ ఒక పల్చటి పసుపు రంగు పుస్తకం ఉంది. అట్ట మీద రచయిత పేరుండాల్సిన చోట ‘ఒక ప్రూఫ్‌రీడర్’ అని మాత్రమే ఉంది.

మాస్టారు హాజరు పిలిచి, ఫారాలు పక్కన పెట్టి, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

“నాకు ఈ పని నేర్పింది మనిషి కాదు, ఈ పుస్తకమే. పాత పుస్తకాల కొట్లన్నీ గాలించి ఇన్ని కాపీలు పోగేశాను. ఇందులో ఒక్క తప్పు చూపించండి, ఈ కుర్చీ మీకిచ్చి నేనొచ్చి అక్కడ కూర్చుంటాను.”

అందరూ నవ్వారు. ఆమె చెవులు వేడెక్కాయి.

“ఇంకో మాట. తప్పులు చిన్న అక్షరాల్లో దాక్కుంటాయనుకుంటారు. కాదు, పెద్ద అక్షరాల్లోనే దర్జాగా కూర్చుంటాయి. శీర్షికను ఎవరూ కూడబలుక్కుని చదవరు కదా!”

టీ కోసం అందరూ బయటికి పోయారు. ఆమె మాత్రం లేవలేదు. గది ఖాళీ అయ్యాక ఎర్ర పెన్ను తీసి, ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి, పుస్తకం చివరి పేజీ తిప్పి, ఒక అక్షరం కొట్టేసి పక్కన ఇంకో అక్షరం రాసింది. పదకొండు అయ్యాయి. పన్నెండోది తెరుస్తుండగా, మరిచిపోయిన కళ్లజోడు కోసం మాస్టారు వెనక్కి వచ్చాడు.

“అమ్మగారూ! పుస్తకాల మీద ఆ గీతలేంటండీ?”

నాలుగు చోట్ల దొరకని మనిషి ఐదో చోట దొరికిపోయింది. పుస్తకాన్ని అతని వైపు తిప్పింది.

అతను చదివాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాడు. చిన్నపిల్లాడిలా కూడబలుక్కున్నాడు.

“పా... త... కు... లకు మనవి!”

పాఠకులకు అని ఉండాల్సింది. ఒక్క అక్షరం తారుమారై, చదివేవాళ్లంతా పాపులైపోయారు.

“ఎనిమిదేళ్లుగా చెబుతున్నానండీ దీన్ని!” అంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆశ్చర్యం కాస్తా కోపమైంది. “తప్పులు దిద్దడం నేర్పే పుస్తకంలో తప్పా? రాసినవాళ్లకి సిగ్గుండాలి.”

“ఉంది,” అంది ఆమె. వెంటనే దిద్దుకుంది. “ఉండే ఉంటుంది బాబూ.”

అతను వినిపించుకోలేదు. “మీరు మాత్రం మొదటిరోజే పట్టేశారు! ఇక్కడ మానెయ్యకండి. ఈ పనిలో మీరు పైకొస్తారు.”

ఆ మెప్పుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“రాసినవాళ్లకి ఈ సంగతి తెలియాలి,” అన్నాడు మాస్టారు. “ఇప్పుడే ఉత్తరం రాస్తాను.”

“ఎందుకు బాబూ, పాపం. పోనివ్వండి.”

“వాళ్లే అడిగారు కదండీ, చూడండి.” ఆ మనవి కింద ఉన్న వాక్యం చదివాడు. “‘ఈ పుస్తకంలో ఏ తప్పు కనిపించినా ఈ కింది చిరునామాకు తెలియజేయగలరు.’”

సొరుగులోంచి కవరు తీసి చిరునామా ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇంటి నంబరు అయింది. వీధి పేరు సగంలో ఉండగా అతని చేయి ఆగింది. పొద్దున హాజరు పిలుస్తూ చూసిన ఫారాల కట్టను దగ్గరికి లాక్కుని, అందులోంచి ఒకటి పైకి తీసి పుస్తకం పక్కన పెట్టాడు. ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టబోయింది. అది పట్టడం లేదు.

రెండు చిరునామాలూ ఒకటే.