గొర్రె కాలి షోర్బా

పన్నెండో రోజు కట్టు విప్పేసరికి యదుల్లా పిక్క మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పలుగు దిగిన చోట అంచులు కూడా కలవలేదు. కెర్మాన్ బజారులో మూలికల కొట్టు నడిపే బోర్జూ ఆఘా ముఖం మాడిపోయింది. కుళ్ళు పట్టిందంటే కాలు తీసెయ్యడమే. ఒంటికాలి మనిషిని భూమి లోపలి కాలువలు తవ్వడానికి ఎవరు దింపుతారు?

దానికి తోడు, నీ లేపనం గాయాన్ని మాన్పుతోందా పెంచుతోందా అని పొద్దున రొట్టెలవాడు నలుగురిలో అడిగాడు. ఆ సిగ్గు ఇంకా చెవుల్లో మండుతూనే ఉంది. బోర్జూ యదుల్లా భార్య వైపు తిరిగాడు.

"పథ్యం ఎక్కడ చెడిందమ్మా మహ్‌తలత్?"

పరామర్శకు వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టారు.

ఆమె తల వంచుకుని ఒక్కొక్కటే చెప్పింది. వంకాయ ఇంట్లోకి రానివ్వలేదు. పచ్చళ్ళ జాడీలు అటకెక్కించింది. పులుపు చుక్క తగలనివ్వలేదు.

"వద్దన్నవి మానావు, సరే. పెట్టమన్నది పెట్టావా? రోజూ గిన్నెడు గొర్రె కాలి షోర్బా?"

"రోజూ కాస్తూనే ఉన్నాను ఆఘా."

తాను తాగుతూనే ఉన్నానని యదుల్లా గొణిగాడు. బోర్జూ వంగి అతని నోరు వాసన చూశాడు. ఎండు రొట్టె, ఉల్లిపాయ, అంతే.

"కాచేవాళ్ళకి రుచి చూడాలనిపించదా ఏమిటి," అంది ఒక పొరుగావిడ రెండో ఆమె చెవిలో, అందరికీ వినబడేలా.

మహ్‌తలత్ చాదరు నుదుటి మీదికి లాక్కుంది. బోర్జూ ఊరుకోలేదు. గోరింటాకూ తేనే మైనమూ కలిపి తానే లేపనం కాచాడట, రోజూ తానే వచ్చి కట్టు మారుస్తున్నాడట, కట్టుకున్న మనిషికి మాత్రం గిన్నెడు షోర్బా పొయ్యడానికి చేతులు రాలేదట.

"సిగ్గుండాలమ్మా," అన్నాడు చివరికి.

ఆమె వెళ్ళి భోజనాల గుడ్డ తెచ్చి పరిచింది. అది చూడగానే పొరుగువాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. బోర్జూ మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి అడిగాక కూర్చున్నాడు.

పొగలు కక్కుతూ గిన్నె వచ్చింది. పైన మూలుగ కరిగి బంగారు రంగులో తేలుతోంది. రొట్టె తుంచి ముంచుకుని తింటూ అన్నాడు:

"ఇదిగో, ఇదే నేను చెప్పిన మందు. వారం రోజులు ఇతని కడుపులో పడితే గాయం దానంతటదే మూసుకుంటుంది. ఇంత బాగా కాస్తావే, ఎందుకు పొయ్యవు?"

యదుల్లా తల్లి గోడ వారగా పడుకున్నదల్లా మోచేతి మీద లేచింది.

"వద్దు అత్తయ్యా," అంది మహ్‌తలత్.

ముసలావిడ వినలేదు.

"మేం కొనగలిగేది రోజుకొక్క కాలు నాయనా, దానికి దిగేది ఒక్క గిన్నే. నువ్వేమో పన్నెండు రోజులుగా సరిగ్గా భోజనం వేళకే వస్తున్నావు."