నొప్పి లేని కాలు

ఆ మనిషికి కాలు తనే చేసిస్తానని రబ్బరక్క అన్నప్పుడు మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు.

ఆఫీసులో అందరూ ఆమెను రబ్బరక్క అనే పిలుస్తారు. తెగిపోయి మిగిలిన మొండికాలికీ, పెట్టుడు కాలికీ మధ్య మెత్తటి రబ్బరు తొడుగు ఒకటి వేస్తారు. దాన్ని ముందు కంప్యూటర్‌లో తయారుచేసి, ఎక్కడ నలుగుతుందో, ఎక్కడ ఒరుసుకుంటుందో తేల్చడం ఆమె పని. ఇక ఆ మనిషి ఎవరంటే, తాగి కారు నడిపి ఆమె తమ్ముణ్ణి సైకిలుతో సహా గోడకేసి నలిపేసినవాడు. ఆ దెబ్బకే అతనికి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. తమ్ముడికి ప్రాణమే పోయింది.

కోర్టులు, వాయిదాలు అన్నీ అయ్యాయి. తమ్ముడు ఫోటోలో ఉన్నాడు. ఆ మనిషి మాత్రం తన ఇంటి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా రబ్బరక్కకు కడుపు రగిలిపోయేది.

"ఇది ఇంకొకరికి ఇస్తాలే. నీకెందుకమ్మా ఈ బాధ?" అన్నాడు మేనేజరు. మాటలో జాలి ఉంది, చూపులో అనుమానం ఉంది.

ఆమె పట్టు వదల్లేదు. అప్పటికే చేసిచ్చిన రెండు పెట్టుడు కాళ్లను నొప్పి పెడుతున్నాయని ఆ మనిషి తిప్పి పంపాడు. మిగతావాళ్లంతా చేతులెత్తేశారు. చివరికి మేనేజరు సరేనన్నాడు కానీ, ఆమె కట్టే ప్రతి లెక్కా తను చూస్తానన్నాడు.

ఈ సంగతి విని ఇంట్లో అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

"వాడికి కాలు చెయ్యడానికి నీకు చేతులెలా వస్తున్నాయే?"

"వస్తాయమ్మా. ఇక నొప్పి అనే మాట వాడి నోట రానివ్వను."

అమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంది.

డాక్టరు గట్టిగా చెబితేనే ఆ మనిషి కొలతలకు వచ్చాడు, ప్లీడరైన తన బావమరిదిని వెంటబెట్టుకుని. ఎక్కడ నొప్పి అంటే ఒక్కోసారి ఒక్కోచోట చూపించాడు. రబ్బరక్క విసుక్కోలేదు. చూపించిన ప్రతిచోటా గుర్తు పెట్టుకుంది.

ఇనుముతో పేచీ లేదు. ఇంత బరువుకు ఇంత వంగుతానంటే అంతే వంగుతుంది. రబ్బరు అలా కాదు, మహా టక్కరిది. లాగితే ఒకలా, నొక్కితే ఒకలా, పక్కకు తోస్తే మరోలా ఉంటుంది. అందుకే మూడు రకాలుగానూ పరీక్షించి ఆ కొలతలు కంప్యూటర్‌కు ఇవ్వాలి. అప్పుడది తొడుగును వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో రంగుల్లో చూపిస్తుంది. ఎరుపు కనిపిస్తే నొప్పి. నీలం అయితే సుఖం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొత్త రబ్బరు మొదటిసారి లాగినప్పుడు బిగుసుకుని బింకం పోతుంది. నాలుగైదుసార్లు లాగి వదిలాకే మెత్తబడి అసలు రంగు బయటపెడుతుంది. ఆ మొదటి లాగుడు కొలతలు ఎవరూ వాడరు. వాడితే స్క్రీన్ మీద తొడుగు నిక్షేపంలా నిలబడుతుంది. నిజంగా తొడుక్కున్నాక మాత్రం కొన్నాళ్లకే చదునైపోయి, లోపలి ఎముక వెళ్లి గట్టి ప్లాస్టిక్‌కు తగులుతుంది. ఇక అడుగు తీసి అడుగు వేస్తే నరకమే. తప్పెక్కడ జరిగిందో ఒక పట్టాన ఎవరికీ అంతుచిక్కదు.

ఆ మొదటి లాగుడు కొలతలు రబ్బరక్క దగ్గరే ఉన్నాయి. ఒక మధ్యాహ్నమంతా వాటి వంకే చూస్తూ కూర్చుంది. తమ్ముడి సైకిలు గుర్తొచ్చి పళ్లు నూరింది. వెనక మేనేజరు వచ్చి నిలబడ్డాడని కూడా గమనించలేదు.

కాసేపటికి వాటిని తుడిచేసింది.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత ఆమె పని చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఎముక మొన దగ్గర ముక్కల్ని ఇంకా చిన్నవి చేసింది. చిన్న ఎర్ర చుక్క కనిపించినా తొడుగు మందం మార్చి మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టించింది. నిలబడితే ఎలా ఉంటుంది, మెట్లెక్కితే ఎలా ఉంటుంది, ఇరుకు గదిలో వెనక్కి తిరిగితే ఎలా ఉంటుంది, అన్నీ చూసింది. సొంత తమ్ముడికైనా ఇంత చెయ్యరని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆమెది వెన్నలాంటి మనసన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

కాలు తొడిగే రోజు ఆసుపత్రికి మేనేజరు కూడా వచ్చాడు. ఆ మనిషి లేచి నిలబడగానే నొప్పి అన్నాడు. ఎక్కడో చెప్పమని రబ్బరక్క మర్యాదగా అడిగింది. చూపించాడు. ఒత్తిడి కొలిచే పలచటి పొర ఒకటి ఆమె ముందే తొడుగులో పెట్టి ఉంచింది. అక్కడ ఏ ఒత్తిడీ లేదని అది చెప్పింది. కంప్యూటర్ బొమ్మలోనూ అక్కడ నీలమే. అతను ఇంకోచోట చూపించాడు. అక్కడా అంతే. డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఇక నడవమన్నాడు.

నడిచాడు. గది చివరిదాకా వెళ్లి వచ్చాడు. కుంటు కూడా లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నర్సు కూడా కళ్లొత్తుకుంది. బావమరిది మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మనిషి రబ్బరక్క ముందు ఆగి చేతులు జోడించాడు.

"నన్నొదిలెయ్యమ్మా."

"ఇంకో నాలుగడుగులు వెయ్యండి" అంది ఆమె మెల్లగా.

వేశాడు. తనకైతే ఇంత పెద్ద మనసు ఉండేది కాదని మేనేజరు డాక్టరుతో అన్నాడు.

ఏ ఇబ్బందీ లేకుండా నడవగలడని డాక్టరు రాసి సంతకం పెట్టగానే, కాలు కుదిరేదాకా అంటూ కోర్టు ఆపి ఉంచిన అతని పదేళ్ల జైలు శిక్ష మొదలైంది.