దండెం మీది బెల్టు

"మిరపకాయల పక్కన ఆరేశావా అమ్మీ? రేపు సెలక్షన్ మ్యాచ్‌లో గుండె మండి చస్తాను!" అంది మా అమ్మాయి రిహానా.

అది ఖోఖో పిల్లలు ఛాతీకి కట్టుకునే బెల్టు. ఎంత పరిగెత్తారో ఫోనులో చూపిస్తుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఫోను టిక్కుమంటుంది. కోచ్ గారిచ్చారు. చెమట కంపు కొడుతోందని నేనే ఉతికాను.

"ఉతికినందుకు తిట్లా?" అని గొణుక్కుంటూ, రిహానా ఫోనే టార్చిగా పట్టుకుని చీకట్లో డాబా ఎక్కాను.

పైన గాలి లేదు. మిరప ఘాటు ముక్కుకు తగిలింది. చేతిలో ఫోను టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. బెల్టు దండెం మీద ఖాళీగా వేలాడుతోంది.

తడి వల్లేమో అనుకున్నాను. కానీ ఆ చప్పుడు కాసేపు సాగి, ఒక టిక్కు తప్పి, మళ్లీ మొదలవుతోంది. ప్రతిసారీ అంతే.

కిందికొచ్చేసరికి రిహానా అన్నానికి కూర్చుంది. వడ్డిస్తూ దాని వీపు మీద అరచెయ్యి ఆనించాను. చేతి కింద దాని గుండె, నా కొంగు చాటున ఫోను ఒకేలా కొట్టుకుంటున్నాయి. రెండూ ఒకేసారి లయ తప్పాయి.

డాబా మీద ఆ ఖాళీ బెల్టులోంచి దాని గుండె వినిపించిందెవరో నాకు తెలియదు. ముందే చెప్పినందుకు మనసులోనే సలాం చేసుకున్నాను.

"రేపు మ్యాచ్ లేదు. పొద్దున్నే గుంటూరెళ్లి గుండె డాక్టరుకి చూపిద్దాం," అన్నాను.

"తిట్టిందని కక్షా ఏంటే?" అని నవ్వారు మా ఆయన.

ప్రతిదానికీ ఎదురు చెప్పే రిహానా తలెత్తలేదు. "సరే అమ్మీ," అంది మెల్లగా.