పెద్ద కాగు పందెం

"నా చాక్లెట్ స్టౌట్ కాచే కాగులో నీ ప్రయోగాలా? కల్లో కూడా అనుకోకు!" స్టౌట్ అనే నల్ల బీరు కాచే పెద్దాయన కాగు గది తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "రుచి చూడకుండానే తీర్పా నాన్నా? నా స్టౌట్ నీదానికేం తీసిపోదు. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. మూడు గ్లాసులు పెడదాం. రెండింట్లో నీది, ఒకదాంట్లో నాది. నాదేదో పట్టుకుంటే జన్మలో కాగు మాటెత్తను. పట్టుకోలేకపోతే తాళంచెవి నాది."

"తాగడం కూడా ఎందుకే, వాసనతోనే పట్టేస్తా!"

పొయ్యడానికి తల్లిని పిలిచారు. ఆవిడ ఎవరి పక్షమూ కాదని ఇద్దరికీ నమ్మకం. పెళ్ళయినప్పట్నించీ మొగుడి బీరు ఒక్క గుక్కకి మించి తాగిన పాపాన పోలేదు మరి. "అబ్బ, కషాయం!" అని మొహం చిట్లించడమే.

వంటగదిలోంచి గ్లాసులు వచ్చాయి. రంగు చూసి కనిపెట్టకుండా గ్లాసులూ నల్లవే. పెద్దాయన మొదటిదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి కాస్త వెచ్చబెట్టాడు. మరీ చల్లగా ఉంటే చాక్లెట్ వాసన పైకి రాదు. కాఫీ, మాడిన రొట్టె అంచు, వెనకాల నల్ల చాక్లెట్. గుక్క వేసి నోరంతా తిప్పి మింగాడు. తనదే, అనుమానం లేదు.

రెండోదీ తనదే. హమ్మయ్య, ఇక మూడోదే అమ్మాయిది అనుకుంటూ అదీ తాగాడు.  అచ్చం తనదానిలాగే ఉంది! ముక్కు గానీ పోయిందా? మళ్ళీ మొదటికొచ్చాడు. కూతురు గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఇదే," అన్నాడు చివరికి, నడిమిదాన్ని చూపిస్తూ.

"కాదు," అంది భార్య.

కూతురు ఎగిరి గంతేసి, నాన్న జేబులోంచి తాళంచెవి లాక్కుని కాగు గదికి పరుగు తీసింది. ఓడిపోయినందుకు పెద్దాయనకి ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఛాతీ ఉబ్బింది కూడా.

"చూశావటే! నా చెయ్యి అలాగే దిగింది దానికి. నా ముక్కునే బోల్తా కొట్టించింది!"

"మీ ముక్కుకేం కాలేదులెండి. మూడింట్లోనూ మీదే పోశాను."

పెద్దాయన గిర్రున భార్య వైపు తిరిగాడు. "ఓసినీ! కూతుర్ని గెలిపించడానికి కట్టుకున్నవాణ్ణి మోసం చేస్తావా?"

"మోసమేముంది? దానిది ఉంటే పొయ్యనా?"

"ఫ్రిజ్‌లో ఉందన్నది కదే!"

ఆవిడ గ్లాసులు కడగడానికి తీస్తూ మొహం అటు తిప్పుకుంది. "ఒక్క గుక్క చూద్దామని పొద్దున మూత తీశానండీ. చుక్క మిగిలితేగా!"