గోడ మింగిన మాట

ఆ ఊళ్లో ఇప్పుడు రాయని గోడ లేదు. బస్టాండులో, రేషన్ షాపులో, ఆస్పత్రిలో ఎవరేం మాట్లాడినా ఆ మాట అప్పటికప్పుడు గోడ మీద అక్షరాలై వెలుగుతుంది. రైసుమిల్లు హోరులో ఏళ్ల తరబడి పనిచేసి వినికిడి పోగొట్టుకున్న దానమ్మకు ఆ గోడలే చెవులు.

వార్డు సభలో వరద సైరన్ సంగతి వచ్చింది. సైరన్ వినబడని వాళ్ల ఇళ్లలో, అది మోగగానే మెరిసే దీపాలు పెట్టించమని దానమ్మ లేచి అడిగింది. కౌన్సిలర్ కోటిలింగం ఏదో అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. గోడ మీద మాత్రం ‘నవ్వులు’ అని ఒక్క ముక్క వెలిగింది.

దానమ్మ కూర్చోలేదు.

"నవ్వు కనబడింది. నవ్వించిన మాటేది?"

గుమాస్తా ప్రభుదాసు జవాబు గోడ మీదికొచ్చింది. "గోడకి మర్యాద నేర్పారు పిన్నీ, మోటు మాటలు రాయదు. సరదాకన్నార్లే, వదిలెయ్."

"అందరూ విన్నారుగా! మర్యాద నా ఒక్కదానికేనా? రాయించు. అప్పటిదాకా కూర్చోను."

పక్కావిడ కొంగు పట్టుకు లాగింది. దానమ్మ కదల్లేదు. చివరికి ప్రభుదాసు తల దించుకుని మీట నొక్కాడు. గోడ రాసింది:

"చెవిటోళ్లకి దీపాలెందుకు? వరదొస్తే నీళ్లే తట్టి లేపుతాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

దానమ్మ రెండుసార్లు చదువుకుని కోటిలింగం వైపు తిరిగింది.

"ఇది ఇలాగే వెలగనివ్వండి. మా ఇళ్లల్లో దీపాలు వెలిగిన రోజున ఆర్పుకుందురు గాని."