రెండు పడవలు, ఒక హారతి

మా కోనపాలెం సముద్రంలో మునిగి పదకొండేళ్లయింది. అప్పటినుంచి అందరిలాగే మేమూ పడవలోనే కాపురం చేస్తున్నాం. ఉన్న పడవ చివికిపోవడంతో, వాడిన తెరచాప పడవ ఒకటి కొందామని నేనూ మా ఆయనా పాత పడవలమ్మే దానయ్య దగ్గరికి వెళ్లాం.

అతను రెండు చూపించాడు. తెల్లది తనంతట తానే నడుస్తుంది, మాట్లాడుతుంది. నీలిదానికి చేత్తో పట్టే చుక్కాని ఉంది, అడుగున కాస్త నీరూరుతోంది.

"తెల్లది తీసుకోండమ్మగారూ. కాళ్లు బారజాపుకుని కూచోవచ్చండి," అన్నాడు దానయ్య.

కొనేముందు పడవకు పసుపు రాసి హారతివ్వడం మా ఇంటి ఆచారం. తెల్లదానిలో కర్పూరం వెలిగించానో లేదో, అది నా చేతిమీద చివ్వున నీళ్లు చిమ్మింది.

"నిప్పు వెలిగించకూడదు," అంది పడవ.

"నిప్పు కాదే, హారతి!" అని మళ్లీ వెలిగించాను. మళ్లీ చిమ్మింది. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు.

"పోనీ, ఆషాఢంలో మా కోనపాలెం అమ్మవారి గుడిమీదికి తీసుకెళతావా? పైనుంచి పసుపునీళ్లు వదలాలి."

"అక్కడ ఊరు లేదు. వెళ్లడానికి అనుమతి లేదు."

ఇంత తెలివి ఇచ్చిన దేవుడు దీనికి అమ్మవారిని ఎందుకు చూపించలేదో!

నీలిదానిలోకి దిగాను. కర్పూరం చివరిదాకా వెలిగింది.

"ఇదే మనది," అన్నాను.

"నీరూరుతోందే!" అన్నారు మా ఆయన.

"ఊరితే తోడుకుందాం. చుక్కాని పట్టుకోండి, ముందు మన ఊరికే పోదాం."

"అటు ఏ పడవనీ పోనివ్వరమ్మగారూ. కాపలావాళ్లు ఆగమని పడవకే చెబుతారు," అన్నాడు దానయ్య.

"చెప్పుకోనీ. దీనికి చెవుల్లేవుగా," అంటూ తెరచాప తాడు నేనే లాగాను.